యాప్‌లో ‘రీమాస్టర్డ్’ పాట శృతి మారిపోయింది, అసలు మాస్టర్ టేపు ఎవరి దగ్గర ఉంటుంది?

గోదావరి_గట్టు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి 74 ఏళ్లు. రాజమండ్రిలో ఇంటి దగ్గరే పాతికేళ్ల పాటు పిల్లలకి సంగీతం చెప్పింది. పోయిన నెల మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉంటే కాలక్షేపానికి ఫోన్లో పాత పాటల యాప్ పెట్టి ఇచ్చాను. ఆవిడకి ప్రాణమైన పాట ఒకటుంది, 1962 నాటి సినిమా పాట, నాన్న ఎప్పుడో కొన్న ఎల్‌పీలో రెండో వైపు మూడోది. యాప్‌లో ఆ పాట పక్కన ‘రీమాస్టర్డ్’ అని ఉంది, సరే ఇంకా బాగుంటుందేమో అని అదే పెట్టాను. పల్లవి పూర్తవకుండానే ఆపేయమంది. “ఇది ఆయన గొంతులా లేదురా, ఎవరో కుర్రాడు పాడుతున్నట్టుంది” అంది.

ఫోన్ స్పీకరు కదా అందుకే అలా ఉందేమో అన్నాను. ఒప్పుకోలేదు. హార్మోనియం మంచం పక్కకి తెప్పించుకుంది. రెండున్నర శృతి మెట్టు నొక్కి పట్టుకుని పాట పెట్టమంది, కుదరలేదు. దాని పక్క మెట్టు, మూడు నొక్కింది, అదీ కుదరలేదు. “రెండున్నర దాటింది, మూడు అందలేదు, మధ్యలో వేలాడుతోంది, ఈ శృతిలో ఎవరు పాడతార్రా” అంది. ఆ మాటతో నాకు పట్టుదల వచ్చి నాన్న రికార్డు ప్లేయర్ దులిపి, ఎల్‌పీ పెట్టి సెల్‌లో టైం చూశాను. రికార్డులో పాట 3 నిమిషాల 20 సెకన్లు. యాప్‌లో 3 నిమిషాల 12 సెకన్లు. ఎక్కడా కోత లేదు, మొత్తం పాట ఉంది, అయినా 8 సెకన్లు తక్కువ.

ఇంకొకటి. చరణానికి ముందు వీణ బిట్ వస్తుంది. తీగ మీటాక ఆ నాదం కాసేపు అలా సాగుతూ తగ్గుతుంది కదా, రికార్డులో గరగర చప్పుడు ఉన్నా అది చక్కగా వినపడుతుంది. యాప్‌లో గరగర లేదు, ఆ నాదమూ లేదు. కత్తిరించినట్టు ఆగిపోతోంది.

పాట పెట్టిన కంపెనీకి మెయిల్ రాశాను, పేరు ఇక్కడ రాయను. హక్కుదారుల నుంచి అందిన ఆడియోనే పెట్టాం అని రెండు లైన్ల జవాబు వచ్చింది, అంతే. ఇప్పుడు నాకు తెలియాల్సింది ఏమిటంటే, ఇలాంటి పాటకి అసలు మాస్టర్ అంటే ఏది, అది ఎవరి సొత్తు, వాళ్ల దగ్గర నిజంగా టేపు ఉంటుందా? మా రికార్డు నుంచి నేనే శుభ్రంగా ఎక్కించి నెట్‌లో పెడితే తప్పవుతుందా?

స్పూలు_మాస్టారు:

ముందు మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఆవిడ హార్మోనియం మీద పట్టుకున్నది ఈ మధ్య సౌండ్ కోర్సులు చేసి వస్తున్న పిల్లల్లో చాలామంది పట్టుకోలేరు. నేను కోడంబాకంలో ఒక రికార్డింగ్ థియేటర్లో అసిస్టెంటుగా మొదలుపెట్టి 28 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, ఇప్పుడు హైదరాబాద్‌లో పాత టేపులు ట్రాన్స్‌ఫర్ చేస్తున్నాను.

మీ లెక్క చూడగానే నాకు విషయం అర్థమైంది. 3:20 అంటే 200 సెకన్లు, 3:12 అంటే 192. రెండొందల్ని 192తో భాగిస్తే 1.0417 వస్తుంది. 25ని 24తో భాగించండి, అదే వస్తుంది. సినిమా రీలు సెకనుకి 24 ఫ్రేములు తిరుగుతుంది, మన దేశంలో వాడిన పాల్ టీవీ పద్ధతిలో సెకనుకి 25. పాత సినిమాని టీవీ కోసం వీడియో టేపులోకి ఎక్కించేటప్పుడు సాధారణంగా దాన్ని 25 ఫ్రేముల వేగంతో తిప్పేస్తారు. బొమ్మలో ఎవరికీ తేడా తెలీదు. ధ్వని మాత్రం నాలుగు శాతం వేగం పెరిగి, రెండున్నరకీ మూడుకీ మధ్య దూరంలో మూడింట రెండు వంతులు పైకి పోతుంది. మీ అమ్మగారు “మూడు అందలేదు” అన్నది అక్షరాలా నిజం.

అంటే ఆ యాప్‌లో ఉన్నది పాట మాస్టర్ నుంచి వచ్చింది కాకపోవచ్చు. టీవీకి ఎక్కించిన సినిమా వీడియోలోంచి పాట ముక్క కోసి, గరగర తీసేసే నాయిస్ రిడక్షన్ గట్టిగా పట్టించి, పెద్ద శబ్దాల్ని అణిచే లిమిటర్ పెట్టి సౌండ్ పెంచి, పైన ‘రీమాస్టర్డ్’ అని చీటీ అంటించి ఉంటారని నా అనుమానం. ఆ చీటీ వెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ టేపు నుంచి చేశారో చెప్పాలన్న నియమమూ లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అయితే ఖాయం చేసుకునే ముందు మీ ప్లేయర్ వేగం చూడండి. బెల్టు సాగితే ప్లేయరే నెమ్మదిగా తిరుగుతూ ఉండొచ్చు. రికార్డు లేబుల్ అంచు మీద చిన్న కాగితం ముక్క పెట్టి, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. మూడు నిమిషాల్లో సరిగ్గా వంద చుట్లు రావాలి.

మాస్టర్ అంటే ఏది అన్నారు కదా. 1962లో పాట అంటే వాద్యాలన్నీ, గాయకులూ ఒకే థియేటర్లో కూర్చుని ఒకే టేకులో పాడి వాయించింది. గొంతు ఒక ట్రాకు, వీణ ఒక ట్రాకు అని విడివిడిగా లేవు, అంతా కలిసి మోనోలో, అంటే ఒకే ట్రాకులో పడింది. దాన్నుంచి సినిమాకి సౌండ్ నెగటివ్ ఒకటి, రికార్డు కంపెనీకి కాపీ ఒకటి వెళ్లేవి. తర్వాత ఎల్‌పీలు వేసినప్పుడు ఆ కాపీకి మళ్లీ కాపీ. కాబట్టి మీ ఎల్‌పీ కూడా ఒకటి రెండు తరాల తర్వాతిదే, కానీ అది చేసినవాళ్ల చేతిలో అప్పటికి మంచి టేపు ఉండేది. రీమాస్టర్ చెయ్యడం అంటే అన్నిటికంటే ముందు, మిగిలినవాటిలో ఏది మొదటి తరానికి దగ్గరో వెతికి పట్టుకోవడం. టేపు దొరికాక మిషనులో దాన్ని చదివే హెడ్డు కోణం సరిచెయ్యడం, టేపు మొదట్లో టెస్ట్ టోన్ ఉంటే దాంతో లెవెల్ కట్టుకోవడం, 70లు 80ల నాటి కొన్ని టేపులైతే తేమ పీల్చుకుని జిగురు కారుతుంటాయి కాబట్టి 50 డిగ్రీల ప్రాంతంలో గంటల తరబడి వెచ్చబెట్టి అప్పుడు తిప్పడం, ఇవన్నీ ఉంటాయి. పనిలో ముప్పాతిక వంతు ఇక్కడే అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత సంగతి.

వేగం తప్పడం మన దగ్గరే జరిగిందనుకోకండి. అమెరికన్ జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ 1959లో న్యూయార్క్‌లో కొలంబియా వాళ్ల 30వ వీధి స్టూడియోలో రికార్డయింది. మార్చి 2న జరిగిన సెషన్లో ముఖ్యమైన మిషను కొంచెం నెమ్మదిగా నడిచింది. దాంతో ఆ టేపుని మామూలు వేగంతో వేసేసరికి మొదటి వైపు మూడు పాటలూ హెచ్చు శృతిలో వచ్చాయి. ముప్ఫై ఏళ్లకి పైగా ప్రపంచమంతా అలాగే విన్నది, ఆ రికార్డు పెట్టుకుని సాధన చేసినవాళ్లు వాద్యం శృతి మార్చుకున్నారు. 1992లో సరిచేశారు. ఎలా చెయ్యగలిగారంటే, ఆ రోజు పక్కన ఇంకో మిషను మీద జాగ్రత్త కోసం రెండో టేపు నడిచింది, దాన్ని కంపెనీ పారెయ్యలేదు. ఆ రెండో టేపు లేకపోతే ఎంత గొప్ప ఇంజనీరైనా వేగం ఊహించాల్సిందే.

కొత్తబస్తీ_రాజు:

అన్నా, 8 సెకన్లకి ఇంత అవసరమా? మాస్టర్ ఎవరిదైతే మనకేంటి, పాట దొరుకుతోంది కదా, నూటికి తొంభైమందికి తేడా తెలీదు.

స్పూలు_మాస్టారు:

రాజు గారూ, తేడా తెలిసినవాళ్లు ఉండగానే సరిచేసుకోవాలి. ఇప్పుడు పదేళ్ల పిల్లాడు ఆ పాట యాప్‌లోనే నేర్చుకుంటున్నాడు. వాడికి అదే అసలు.

దస్తావేజు:

హక్కుల సంగతి నేను చెప్తాను, కాపీరైట్ కేసులు చూసే ఆఫీసులో పని చేస్తున్నాను. మనవాళ్లు మూడు వేరు వేరు వస్తువుల్ని కలిపి ‘పాట హక్కులు’ అనేస్తారు. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, ఆ రోజు థియేటర్లో పడిన శబ్దం ఒకటి. మాస్టర్ అంటే మూడోది. బీటిల్స్ పాటల్ని మైకేల్ జాక్సన్ కొనేశాడు అంటుంటారు చూడండి, ఆయన 1985లో ఏటీవీ మ్యూజిక్ అనే సంస్థని 47.5 మిలియన్ డాలర్లకి కొన్నాడు, దాంతో వచ్చింది సాహిత్యం, బాణీల హక్కు. ఆ రికార్డింగులు రికార్డు కంపెనీ ఈఎంఐ వాళ్లవే, 2012లో ఈఎంఐ రికార్డింగ్ విభాగంతో పాటు యూనివర్సల్‌కి పోయాయి. 2017లో ఇళయరాజా గారు బాలు గారికి అమెరికా కచేరీల సమయంలో నోటీసు పంపినప్పుడు మన ఇళ్లలో ఎంత గొడవ పడ్డామో గుర్తుందా? అది కూడా బాణీని వేదిక మీద పాడటం గురించి, మాస్టర్ గురించి కాదు.

మన చట్టంలో సౌండ్ రికార్డింగుకి మొదటి యజమాని దాన్ని తయారు చేయించిన నిర్మాత. సినిమా పాటల సాహిత్యం, బాణీ కూడా వేరే ఒప్పందం లేకపోతే నిర్మాతవే అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ నిర్మాతలు ఆడియో హక్కులు రికార్డు కంపెనీకి రాసిచ్చేవారు. మన పాత పాటల్లో చాలా భాగం అలా హెచ్ఎంవీ పేరుతో మనకి తెలిసిన గ్రామఫోన్ కంపెనీకి వెళ్లాయి, 2000లో దాని పేరు సారెగమ అయింది. 2012 సవరణ తర్వాత పరిస్థితి కొంత మారింది. రచయిత, సంగీత దర్శకుడు థియేటర్లో సినిమా ఆడటానికి తప్ప మిగతా వాడకాలకి వచ్చే రాయల్టీలో తమ వాటాని ముందే వదులుకుంటూ రాసిచ్చినా చెల్లదు. ఒప్పందం రాసిన రోజుకి లేని కొత్త మాధ్యమం, అందులో ప్రత్యేకంగా పేర్కొనకపోతే, ఆ ఒప్పందం కిందకి రాదని కూడా పెట్టారు.

ఇప్పుడు మీ పాట. సౌండ్ రికార్డింగుకి గడువు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1962లో వచ్చింది కాబట్టి 2022 చివరితో అయిపోయింది. ఇండియాలో ఆ శబ్దం మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. కానీ సాహిత్యానికీ బాణీకీ గడువు రాసినవాళ్లు పోయిన తర్వాత 60 ఏళ్లు. ఉదాహరణకి ఘంటసాల గారు 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీలకి 2034 చివరి దాకా రక్షణ ఉంటుంది. కాబట్టి మీరు ఇంట్లో మీ కోసం, అమ్మగారి కోసం ఎక్కించుకోండి, సొంత వాడకానికి చట్టమే వెసులుబాటు ఇచ్చింది. నెట్‌లో పెడితే మాత్రం ఆ రెండు హక్కులూ అడ్డం వస్తాయి. పైగా అమెరికాలో గడువులు వేరే, చాలా పొడుగు, అక్కడి సర్వర్లున్న సైట్‌లో దింపేస్తే ఆశ్చర్యపోకండి.

శబ్దం గడువు అయిపోయింది కదా, వెళ్లి టేపు అడగొచ్చా అంటే, కుదరదు. హక్కు వేరు, వస్తువు వేరు. గడువు ముగిసినా ఆ టేపు చుట్ట వాళ్ల బీరువాలో ఉన్న వాళ్ల సొత్తే. చూపించమని అడిగే హక్కు నాకూ లేదు, మీకూ లేదు. భద్రంగా ఉంచమని కూడా కాపీరైట్ చట్టం ఎక్కడా చెప్పదు. అరవై ఏళ్లు దాని మీద డబ్బు తీసుకోవడానికి చట్టం ఒప్పుకుంది, బదులుగా కనీసం చెడిపోకుండా చూడమని ఒక్క మాట అయినా అడిగి ఉండాల్సింది. ఈ ఉద్యోగంలో నాకు రోజూ కడుపు మండే విషయం ఇది.

డాలస్_డాబామీద:

దస్తావేజు గారి చివరి పేరా చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. మా తాత పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడేవారు. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. ఒక చిన్న కంపెనీ ఆయనతో ఆరు పద్యాలు రికార్డు చేసి అమ్మింది. తాత పోయాక మా బాబాయి మద్రాసు వెళ్లి ఆ కంపెనీ వాళ్ల అబ్బాయిని కలిసి టేపు కాపీ ఇవ్వమని బతిమాలాడు. అప్పట్లో టేపు ఖరీదు ఎక్కువ కాబట్టి దాని మీదే ఇంకేదో ప్రోగ్రాం రికార్డు చేసేశారట. తాత గొంతు చెరిగిపోయింది. కానీ కాగితం మీద హక్కులు ఇప్పటికీ వాళ్లవే. మా దగ్గర అంచు విరిగిన ఒక ప్లేటు ఉంది, రెండు పద్యాలు. మిగతా నాలుగూ ఎలా పాడారో మా నాన్న చెప్తే వినడమే.

పెద్ద కంపెనీలైతే బాగా చూసుకుంటాయని కూడా అనుకోవద్దు. 2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోస్ ఆవరణలో మంటలు లేచాయి, అక్కడి గోడౌన్‌లో మాస్టర్ టేపులు కాలిపోయాయి. ఎంత పోయిందన్నది బయటికి రాలేదు. 2019లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ రాశాక లోకానికి తెలిసింది, కంపెనీ లోపలి కాగితాల్లోనే అంచనా అయిదు లక్షల పాటల దాకా ఉందని. అంత నష్టం లేదని కంపెనీ వాదించింది. పాడినవాళ్లలో చాలామందికి తమ టేపులు ఉన్నాయో కాలాయో పదకొండేళ్లు ఎవరూ చెప్పలేదన్నది మాత్రం నిజం.

మా అమ్మాయి అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ అభిమాని, మాస్టర్స్ అనే మాట మా ఇంట్లో తన నోటే ముందు విన్నాను. స్విఫ్ట్ మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు 2019లో కంపెనీతో పాటు అమ్ముడుపోయాయి, మరుసటి ఏడాది ఇంకొకరి చేతికి వెళ్లాయి. పాటలు రాసిన హక్కు తనదే కాబట్టి 2021 నుంచి నాలుగు ఆల్బమ్‌లు మళ్లీ పాడి విడుదల చేసింది, చివరికి 2025 మేలో పాతవన్నీ కొనుక్కుంది. మా అమ్మాయి ఆ రోజు ఏడ్చింది. నేనూ సంతోషించాను. కానీ ఆ దారి బతికున్నవాళ్లకి, డబ్బున్నవాళ్లకి. మా తాత మళ్లీ వచ్చి పాడలేరు కదా.

ఒక్క విషయంలో మాత్రం మాస్టారితో నాది వేరే అభిప్రాయం. పాతది ఉన్నదున్నట్టే ఉండాలి, ఎవరూ ముట్టుకోకూడదు అనుకుంటే కొత్త తరం చేతికి రాదు. ‘మాయాబజార్’ని హైదరాబాద్ గోల్డ్‌స్టోన్ వాళ్లు 2010లో రంగుల్లోకి మార్చి డీటీఎస్ సౌండుతో విడుదల చేసినప్పుడు నేను సెలవుల్లో అక్కడే ఉన్నాను, హాల్లో నా పక్కన కాలేజీ కుర్రాళ్లు పాటలు వస్తుంటే కూడా పాడారు. అంతకుముందు వాళ్లలో ఎంతమంది ఆ సినిమా చూసి ఉంటారు?

స్పూలు_మాస్టారు:

డాలస్ గారూ, మీ తాతగారి సంగతి చదివి మనసు పాడైంది. అంచు విరిగినా గాడి మిగిలిన చోట శబ్దం తీయొచ్చు, ఇండియా వచ్చినప్పుడు ఆ ప్లేటు తెండి. బట్టల మధ్య కాదు, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి చేతి సంచిలో తెండి. డబ్బులు వద్దు.

ముట్టుకోవద్దని నేను అనలేదు. ‘మాయాబజార్’కి రంగులు వేసినా నలుపు తెలుపుది అలాగే ఉంది, ఎవరిష్టం వాళ్లది. బీటిల్స్ ‘రివాల్వర్’ 1966లో నాలుగు ట్రాకుల మిషన్ మీద చేసింది. 2022లో కొత్త మిక్స్ చేసినప్పుడు, సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారుచేసిన పద్ధతితో ఒకే ట్రాకులో కలిసిపోయిన డ్రమ్సునీ గిటారునీ విడదీశారు. అద్భుతమైన పని. కానీ అదే పెట్టెలో అసలు మోనో మిక్స్ కూడా ఇచ్చారు, కొత్తది కొత్త మిక్స్ అని స్పష్టంగా రాశారు. స్టూడియో టేపులు భద్రంగా ఉండబట్టి అది సాధ్యమైంది. మన యాప్‌లో చేసిన పని దీనికి ఉల్టా. పాతది తీసేశారు, వీడియో శబ్దం పెట్టారు, పేరు మాత్రం పెద్దది పెట్టారు. ఏ టేపు నుంచి, ఏ సంవత్సరం, ఎవరు ట్రాన్స్‌ఫర్ చేశారు అని ఒక్క లైను పాట కింద రాస్తే చాలు, నేను ఇంకేమీ అడగను.

సౌండ్ పెంచే పిచ్చి గురించి కూడా ఒక మాట. పక్క పాట కంటే మనది గట్టిగా వినపడాలని లిమిటర్ పెట్టి నొక్కుతారు. పాడేవాళ్లు ఒక చోట గొంతు తగ్గించి, ఇంకోచోట ఎత్తుకుంటే ఆ తేడానే భావం, అదంతా చదునైపోతుంది. రాక్ బృందం మెటాలికా 2008 ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ని ఎంత నొక్కారంటే, వీడియో గేమ్‌లో వచ్చిన వెర్షనే నయమని అభిమానులు అర్జీలు పెట్టారు. ఇప్పుడు పెద్ద యాప్‌లు చాలావరకు పాటలన్నిటినీ ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తాయి, అంటే నొక్కినందుకు లాభం కూడా ఏమీ లేదు.

గోదావరి_గట్టు:

రెండు రోజులు పట్టింది, ఏమనుకోకండి. మాస్టారు చెప్పినట్టు కాగితం ముక్క పెట్టి లెక్కపెట్టాను. మొదటిసారి లెక్క తప్పింది, రెండోసారి అమ్మ మంచం మీద నుంచి తాళం వేస్తూ తను లెక్కపెట్టింది. మూడు నిమిషాలకి వంద దాటి ఒక చుట్టులో పావు కూడా లేదు. ప్లేయర్ బాగానే ఉంది.

తర్వాత యాప్ పాటని ఇయర్‌ఫోన్ వైర్ ద్వారా ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేసుకుని, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వేగం 0.96కి తగ్గించాను. 3 నిమిషాల 20 సెకన్లకి వచ్చింది. అమ్మ రెండున్నర నొక్కింది. కుదిరింది. ఈసారి ఆపమనలేదు, చివరిదాకా కళ్లు మూసుకుని వింది, రెండో చరణంలో తనూ అందుకుంది. ఆపరేషన్ అయ్యాక ఆవిడ పాడటం అదే మొదలు. పాట అయ్యాక మాత్రం “గొంతు వచ్చింది గానీ వీణ రాలేదురా” అంది. ఆ తీగ నాదం వేగం తగ్గించినా రాలేదు, నాయిస్‌తో పాటు తుడిచేశారు కదా.

దస్తావేజు గారూ, నెట్‌లో పెట్టను, అర్థమైంది. కంపెనీకి ఇంకో మెయిల్ రాశాను, ఈసారి 200, 192, 25, 24 లెక్కతో సహా. మాస్టారూ, మీరు ఒప్పుకుంటే వచ్చే ఆదివారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి ఎల్‌పీ తీసుకుని హైదరాబాద్ వస్తాను. రికార్డు కడిగి తీసుకురావాలా, లేక మీ దగ్గరే కడుగుతారా?

స్పూలు_మాస్టారు:

కడగొద్దు, గుడ్డతో కూడా తుడవొద్దు. కవర్లోంచి తియ్యకుండా నిలువుగా పట్టుకుని తెండి. ఆ సినిమా కథ పుస్తకం గానీ, పాత పాటల పుస్తకం గానీ ఇంట్లో ఉంటే అదీ తెండి, రికార్డు నంబరూ సంవత్సరమూ సరిచూసుకుని ఫైలులో రాసి పెడదాం.